బాడీ ఉందా లేదా అన్నది పార్సర్‌కి ఎవరు చెప్పాలి?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు సీ భాషలో ఒక చిన్న రివర్స్ ప్రాక్సీ (బ్రౌజర్‌కీ వెనకున్న సర్వర్‌కీ మధ్య నిలబడే ప్రోగ్రామ్) రాస్తున్నారు. అందులో హెచ్‌టీటీపీ/1.1 పార్సర్, అంటే వచ్చిన బైట్లని హెడర్లు, ఖాళీ లైను, దాని వెనక బాడీ అని విడదీసే భాగం కూడా మీ సొంతమే. గెట్, పోస్ట్ బాగానే నడుస్తున్నాయి. హెడ్ (బాడీ వద్దు, హెడర్లు చాలు అనే) రిక్వెస్ట్ పంపితే మాత్రం హెడర్లు వచ్చాక ప్రాక్సీ బిగుసుకుపోయి 30 సెకన్లకి టైమౌట్ అవుతోంది. 304 (పేజీ మారలేదు, మీ దగ్గరున్నదే వాడుకోండి అనే జవాబు) వచ్చినప్పుడు దాని వెనక రావాల్సిన రెస్పాన్స్ మాయమవుతోంది. దీనికి మందుగా "కంటెంట్-లెంగ్త్ లేకపోయినా, 304 వచ్చినా, హెడ్ అయినా పొడవు సున్నా అనుకో" అని ఒక లైను కలిపారు (కంటెంట్-లెంగ్త్ అంటే బాడీ ఎన్ని బైట్లో చెప్పే హెడర్). ఆ రెండూ తగ్గాయి, కానీ ఇంకో పాత సర్వర్ నుంచి వచ్చే పేజీలు ఖాళీగా కనపడటం మొదలైంది. చివర్లో అడిగింది ఇది: "బాడీ లేదు అని చెప్పే హెడర్ ఏదైనా ఉందా?"

లేదు. హెడర్ లేకపోవడమే కాదు, రెస్పాన్స్‌లో వచ్చిన బైట్లన్నీ కలిపి చూసినా కొన్నిసార్లు ఆ సమాధానం దొరకదు. మీ పార్సర్ తప్పు చేస్తోంది నిజమే, కానీ దాని చేతికి సరిపడా సమాచారం మీరు ఇవ్వలేదు. ఏ రిక్వెస్ట్‌కి ఈ రెస్పాన్స్ వచ్చిందో దానికి తెలియాలి. తెలియకపోతే ఎంత తెలివైన పార్సరైనా ఊహించాల్సిందే.

ఒకే సర్వర్‌కి గెట్ ఒకసారి, హెడ్ ఒకసారి పంపి చూడండి. స్టేటస్ లైను 200, కంటెంట్-లెంగ్త్ 4821, కంటెంట్-టైప్ అన్నీ రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఉండొచ్చు. ఉండాలి కూడా, ఎందుకంటే హెడ్ పనే అది: గెట్ చేస్తే ఏ హెడర్లు వచ్చేవో అవి పంపి, బాడీ మాత్రం ఆపేయడం. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం లాంటిది. 1,116 అని రాసి ఉంటుంది, అంతమాత్రాన పుస్తకం దులిపితే డబ్బు రాలదు. మీ పార్సర్ 4821 చూసి అన్ని బైట్ల కోసం కూర్చుంది. సర్వర్ ఇవ్వాల్సింది ఇచ్చేసి ఊరుకుంది. ఇద్దరూ ఎదురు చూస్తూ 30 సెకన్లు గడిచాయి.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. కర్ల్ (టెర్మినల్ నుంచి రిక్వెస్ట్‌లు పంపే ప్రోగ్రామ్) వాడేవాళ్ళలో చాలామంది హెడ్ కోసం పెద్ద ఐ ఆప్షన్ వాడకుండా, మెథడ్ (గెట్, పోస్ట్, హెడ్ లాంటి రిక్వెస్ట్ రకం) మార్చే పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో హెడ్ అని రాసి, టెర్మినల్ ఎందుకు కదలట్లేదని జుట్టు పీక్కుంటారు. ఎక్స్ ఆప్షన్ రిక్వెస్ట్ లైనులో ఉండే పదాన్ని మాత్రమే మారుస్తుంది. "ఇది హెడ్, బాడీ కోసం ఆగకు" అన్న సంగతి కర్ల్ లోపలి భాగానికి చేరదు. మీ ప్రాక్సీలో జరుగుతున్నదీ అచ్చం ఇదే. నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే వేదిక) సోర్స్ కోడ్‌లో క్లయింట్ భాగం తెరిస్తే హెడ్ రెస్పాన్స్‌ల మీద వాళ్ళు విసుక్కుంటూ రాసిన కామెంట్ ఒకటి ఉంటుంది. చదివితే మనం ఒంటరి వాళ్ళం కాదని కాస్త ధైర్యం వస్తుంది.

అందుకే ఆలోచించి రాసిన లైబ్రరీలన్నీ ఈ సమాచారాన్ని బయటి నుంచి తీసుకుంటాయి. గో భాషలో రెస్పాన్స్ చదివే ఫంక్షన్‌కి రెండో పారామీటర్‌గా రిక్వెస్ట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే గెట్ అనుకుంటుంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో రెస్పాన్స్ క్లాస్ తయారయ్యేటప్పుడే మెథడ్ పేరు తీసుకుంటుంది. నోడ్ వాడే ఎల్ఎల్‌హెచ్‌టీటీపీ, దానికి ముందున్న సీ పార్సర్, ఈ రెండు పార్సర్లూ ఇంకో దారి పట్టాయి. హెడర్లు అయిపోగానే మీ కాల్‌బ్యాక్‌ని (మీరు రాసిచ్చిన ఫంక్షన్‌ని) పిలుస్తాయి. మీరు 0 తిరిగిస్తే మామూలుగా సాగుతాయి. 1 ఇస్తే "దీనికి బాడీ లేదు, తర్వాతి మెసేజ్‌కి వెళ్ళు" అని. 2 ఇస్తే "బాడీ లేదు, ఇకపై ఈ కనెక్షన్‌లో హెచ్‌టీటీపీ కూడా లేదు" అని. మీది కాల్‌బ్యాక్ పద్ధతి పార్సరే అన్నారు కాబట్టి నా ఓటు ఈ దారికే. పార్సర్ లోపల జవాబు కోసం ఎదురు చూస్తున్న రిక్వెస్ట్‌ల క్యూ పెట్టి దాన్ని బరువెక్కించక్కర్లేదు. కనెక్షన్ వస్తువు దగ్గర క్యూ ఉంచి, కాల్‌బ్యాక్‌లో దాని ముందున్న మెథడ్ చూసి జవాబు ఇస్తే చాలు.

ఆ క్యూ గురించి రెండు జాగ్రత్తలు. మొదటిది: 1తో మొదలయ్యే స్టేటస్‌లు వచ్చినప్పుడు క్యూలోంచి ఏదీ తీయకూడదు. 100 గానీ, 2017లో వచ్చిన 103 గానీ మధ్యంతర కబుర్లు. అసలు జవాబు ఇంకా వెనక వస్తోంది. 103 చూసి క్యూ జరిపేస్తే ఆ తర్వాత ప్రతి రెస్పాన్స్ పక్కవాడి రిక్వెస్ట్‌కి అంటుకుంటుంది. ఒకే ఒక్క మినహాయింపు 101. అది వచ్చాక హెచ్‌టీటీపీ ముగిసి వెబ్‌సాకెట్ లాంటిది మొదలవుతుంది. మిగిలిన బైట్లు మీ పార్సర్‌వి కావు, ముట్టుకోకుండా కొత్త యజమానికి అప్పగించాలి. ఖాళీ లైను దాటి బఫర్‌లో ఉన్న ప్రతి బైటూ అప్పగించాలి సుమా. "ఎన్ని బైట్లు తిన్నాను" అని పార్సర్ కచ్చితంగా లెక్క చెప్పగలిగేలా ఉంటేనే అది సాధ్యం.

రెండోది ప్రాక్సీ రాసేవాళ్ళకి ప్రత్యేకం. క్యూలో దాచాల్సింది బ్రౌజర్ మీకు పంపిన మెథడ్ కాదు, మీరు వెనక సర్వర్‌కి పంపిన మెథడ్. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. ఎన్‌జింక్స్ అనే ప్రాక్సీలో క్యాష్ ఆన్ చేస్తే, వేరే సెట్టింగ్ పెట్టకపోతే, వచ్చిన హెడ్‌ని గెట్‌గా మార్చి వెనక్కి పంపుతుంది, క్యాష్ నింపుకోవడానికి. రేపు మీరూ ఆ సదుపాయం పెడతారు. ఆ రోజున వెనక నుంచి బాడీ వస్తుంది, ముందుకి పంపకూడదు. వెనక వైపు పార్సర్‌కి గెట్ అని, ముందు వైపు రాసేవాడికి హెడ్ అని చెప్పాలి. ఒకే వేరియబుల్‌తో రెండూ నడిపితే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతారు.

ఇక మీ "పొడవు సున్నా" మందు సంగతి. అది ఎందుకు వికటించిందో చూద్దాం, ఎందుకంటే అసలు రోగం అక్కడే ఉంది. మీ స్ట్రక్చర్‌లో పొడవుకి ఒక పూర్ణ సంఖ్య ఉంది, అది 0తో మొదలవుతుంది. ఆ 0 మూడు వేర్వేరు అర్థాలు మోస్తోంది: బాడీ లేదు, బాడీ ఉంది కానీ పొడవు సున్నా, పొడవు ఎంతో చెప్పలేదు. మొదటి రెండూ ఆచరణలో పక్కపక్కనే ఉంటాయి కానీ మూడోది పూర్తిగా వేరు. రెస్పాన్స్‌లో కంటెంట్-లెంగ్త్ లేదు, చంక్డ్ (బాడీని ముక్కలుగా, ఒక్కో ముక్కకీ ముందు పొడవు చెప్పి, చివర సున్నా ముక్కతో ముగించే పద్ధతి) కూడా లేదు అంటే "కనెక్షన్ మూసేదాకా వచ్చిందంతా బాడీ" అని అర్థం. 1996 నాటి హెచ్‌టీటీపీ/1.0 రోజుల పద్ధతి అది, ఇప్పటికీ చెల్లుతుంది. మీ పాత సర్వర్ చేస్తున్నది అదే, పాపం దాని తప్పేమీ లేదు. పాత సీ పార్సర్ "చెప్పలేదు" అన్న స్థితికి 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్యని గుర్తుగా వాడేది. గో అయితే -1 వాడుతుంది. నన్నడిగితే సంఖ్యతో ఈ గారడీలు వద్దు, వేరే ఎనమ్ (పేర్లున్న విలువల జాబితా) పెట్టుకోండి. బాడీ లేదు, ఇంత పొడవు, చంక్డ్, మూసేదాకా, టన్నెల్ (ఇకపై బైట్లని విప్పకుండా దాటించడం), ఈ అయిదు విలువలు చాలు. హెడర్లు ముగిసిన క్షణంలో ఒక్కసారి తేల్చి, అక్కడి నుంచి దాన్నే నమ్మండి. స్టేటస్ 204 (పని అయింది, పంపే బాడీ లేదు) కాదా అని కోడ్‌లో పదిచోట్ల మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే ఒకచోట మర్చిపోతాం. అందరం మర్చిపోయాం.

తేల్చే వరస ముఖ్యం. 2022 జూన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ/1.1 ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9112లో 6.3 సెక్షన్ ఒక్కటి ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నా నష్టం లేదు. 2014 నాటి 7230లోనూ ఇదే వరస. 1999 నాటి 2616లో కొంచెం తేడాలున్నాయి, అందులో మల్టీపార్ట్ బైట్‌రేంజెస్ అనే రకం బాడీ తన పొడవు తానే చెప్పుకుంటుందని ఒక నియమం ఉండేది, తర్వాత దాన్ని పీకేశారు. పాత ట్యుటోరియల్ చూసి రాస్తుంటే ఆ భాగం వదిలేయండి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది: ఇది హెడ్‌కి జవాబా, లేదా స్టేటస్ 1తో మొదలయ్యేదా, 204యా, 304యా? వీటిలో ఏది అవునన్నా ఖాళీ లైనుతో మెసేజ్ అయిపోయింది. హెడర్లలో ఏం రాసి ఉన్నా సరే. కంటెంట్-లెంగ్త్ 4821 ఉన్నా, బాడీ పంపే పద్ధతి చెప్పే ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ హెడర్‌లో చంక్డ్ అని ఉన్నా అంతే. మీ 304 ఇక్కడే చెడింది. 304లో కంటెంట్-లెంగ్త్ ఉండొచ్చు, అది 200 వచ్చి ఉంటే ఎంత ఉండేదో చెప్పే అంకె. మీ పార్సర్ దాన్ని నిజమనుకుని వెనక వచ్చిన రెస్పాన్స్‌ని ఈ 304 బాడీగా మింగేసింది. అదీ మాయం వెనక మర్మం. 204 లెక్క వేరు. అందులో కంటెంట్-లెంగ్త్ అసలు పంపకూడదు. అయినా 204తో పాటు కంటెంట్-లెంగ్త్ 0 అని పంపే సర్వర్లు కోకొల్లలు. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయండి, మీరు ముందుకి పంపేటప్పుడు మాత్రం తీసేయండి.

తర్వాతి ప్రశ్న: ఇది కనెక్ట్ (ప్రాక్సీ గుండా నేరుగా దారి తెరవమని అడిగే) రిక్వెస్ట్‌కి 2తో మొదలయ్యే జవాబా? అయితే ఖాళీ లైను దాటగానే టన్నెల్. పొడవు హెడర్లు ఉన్నా పట్టించుకోకూడదు. అదే కనెక్ట్‌కి 407 (ప్రాక్సీ పాస్‌వర్డ్ కావాలి) వస్తే అది మామూలు రెస్పాన్స్, దానికి బాడీ ఉండొచ్చు. కనెక్ట్ అనగానే బాడీ లేదనేసే కోడ్ నేను చాలా చూశాను. ప్రాక్సీ పాస్‌వర్డ్ తప్పు కొట్టిన రోజున అది బయటపడుతుంది.

ఆ తర్వాతే హెడర్ల వంతు. ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ ఉంటే దానిదే పైచేయి, అందులో చివరి పేరు చంక్డ్ అయితే చంకులుగా చదవాలి. చివరిది చంక్డ్ కాకపోతే రెస్పాన్స్‌లో మూసేదాకా చదవాలి, రిక్వెస్ట్‌లో అయితే 400 (రిక్వెస్ట్ తప్పు అనే జవాబు) ఇచ్చి కనెక్షన్ మూసేయాలి. ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్, కంటెంట్-లెంగ్త్ రెండూ కలిసి వస్తే చంక్డ్‌ని నమ్మమనే నియమం చెబుతుంది, కానీ అలాంటి మెసేజ్ మీద అనుమానపడమని కూడా చెబుతుంది. ప్రాక్సీ రాస్తున్నారు కాబట్టి రిక్వెస్ట్‌లో రెండూ కనపడితే నిర్దాక్షిణ్యంగా 400 కొట్టండి. 2005లోనే రిక్వెస్ట్ స్మగ్లింగ్ అని పేరు పెట్టిన దాడికి ఇదే తలుపు. 2019లో భద్రతా పరిశోధకుడు జేమ్స్ కెటిల్ పరిశోధనతో అది మళ్ళీ అందరి నోళ్ళలో పడింది. ముందు నిలబడ్డ ప్రాక్సీ బాడీ ఇక్కడ ముగిసిందనుకుంటుంది, వెనక సర్వర్ ఇంకోచోట ముగిసిందనుకుంటుంది. ఆ రెండు చోట్ల మధ్య మిగిలిన ముక్క ఇంకెవరి రిక్వెస్ట్‌కో తలభాగమవుతుంది.

కంటెంట్-లెంగ్త్ ఒక్కటే ఉంటే అంకెలు తప్ప ఇంకేమీ ఒప్పుకోవద్దు. ప్లస్ గుర్తు, మైనస్, 0 ఎక్స్ ఏదీ వద్దు. సీలో ఉన్న సంఖ్య మార్చే ఫంక్షన్లు ముందున్న ఖాళీలనీ గుర్తులనీ మౌనంగా మింగేస్తాయి కాబట్టి చేతితో రాసుకోండి, పది లైన్లు కూడా కాదు. ప్రతి అంకె కలిపే ముందు ఓవర్‌ఫ్లో చూడండి. ఒకే విలువ రెండుసార్లు వస్తే, "42, 42" లాగా, ఒకటిగా లెక్కపెట్టే వెసులుబాటు నియమంలో ఉంది. వేర్వేరు విలువలైతే తప్పు, అంతే. పైథాన్‌లో ఇలాంటి పని చేసే మిత్రులకి సరదా సంగతి ఒకటి: అక్కడి ఇంట్ ఫంక్షన్ తెలుగు అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది. ౧౧౬ అని ఇస్తే నూట పదహారు తీసుకుంటుంది. భాషాభిమానిగా సంతోషించాలి గానీ, హెడర్‌ని యూటీఎఫ్-8గా డీకోడ్ చేసి దానికిస్తే మాత్రం పార్సర్‌కి అది రంధ్రమే. 3.6 నుంచి అంకెల మధ్య అండర్‌స్కోర్ కూడా చెల్లుతుంది, అది ఇంకో రంధ్రం.

ఏ హెడరూ లేకపోతే? ఇక్కడే రిక్వెస్ట్‌కీ రెస్పాన్స్‌కీ దారులు చీలతాయి. రిక్వెస్ట్ అయితే బాడీ లేదు, అయిపోయింది. రెస్పాన్స్ అయితే మూసేదాకా చదవాలి. ఈ తేడా ఎందుకంటే, రిక్వెస్ట్ ముగిసిందని చెప్పడానికి క్లయింట్ కనెక్షన్ మూసేస్తే ఇక జవాబు ఎక్కడికి రావాలి? సర్వర్‌కి ఆ ఇబ్బంది లేదు, అది చెప్పాల్సింది చెప్పేసి తలుపేసుకోవచ్చు. మీరు ఒకే ఫంక్షన్‌తో రెండు దిక్కులూ నడిపిస్తున్నారు, బాగానే ఉంది, ఈ ఒక్క చోట మాత్రం దిక్కు ఏదో అడగక తప్పదు.

205 (ఫారాన్ని ఖాళీ చేసుకోమనే జవాబు) గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఈ జాబితాలో అది ఉందని చాలామంది అనుకుంటారు. 205లో కంటెంట్ ఉండకూడదన్నది నిజం, కానీ అది సర్వర్ మీద పెట్టిన ఆంక్ష. పొడవు తేల్చే వరసలో దానికి మినహాయింపు లేదు. కాబట్టి సర్వర్ కంటెంట్-లెంగ్త్ 0 పంపాలి, లేదా ఖాళీ చంక్డ్ బాడీ పంపాలి, లేదా మూసేయాలి. మీ పార్సర్ 205ని 204 తమ్ముడిలా చూస్తే, చంక్డ్‌గా వచ్చిన 205 చివర ఉన్న సున్నా చంకు కనెక్షన్‌లో మిగిలిపోతుంది. దాన్ని మామూలు రెస్పాన్స్‌గానే నడవనివ్వండి.

మిగిలిపోయిన సున్నా చంకు అంటే నాకు ఒక పాత పీడకల గుర్తొస్తుంది. కొన్నేళ్ళ కిందట మేం నడిపిన ప్రాక్సీ వెనక ఒక సర్వీస్ ఉండేది. రోజుకి కొన్ని వందల 502లు (వెనక సర్వర్ జవాబు చెల్లలేదని ప్రాక్సీ ఇచ్చే ఎర్రర్), లెక్కా పత్రం లేకుండా. ట్రాఫిక్ ఎక్కువున్నప్పుడు కాదు, తక్కువున్న రాత్రి వేళల్లో ఎక్కువ. సర్వీస్ వాళ్ళ లాగ్‌లో అన్నీ 200లే, ఎర్రర్ ఒక్కటీ లేదు. వాళ్ళు మమ్మల్ని, మేం వాళ్ళని అనుకుంటూ రెండు వారాలు గడిపాం. చివరికి నెట్‌వర్క్‌లో పోయే బైట్లని చూపే టీసీపీడంప్ పెట్టి కూర్చుంటే దొరికింది. పది సెకన్లకోసారి మా హెల్త్ చెక్ (సర్వీస్ బతికుందా అని చూసే భాగం) హెడ్ రిక్వెస్ట్ పంపుతోంది. ఆ సర్వీస్ ఫ్రేమ్‌వర్క్ బాడీని బుద్ధిగా ఆపేసేది కానీ, చంక్డ్ ముగింపు మాత్రం రాసేసేది. 48, 13, 10, 13, 10, అంటే '0' అక్షరం, దాని వెనక రెండు లైను ముగింపులు. అయిదంటే అయిదు బైట్లు. మా పార్సర్ హెడ్ కాబట్టి ఖాళీ లైను దగ్గర ఆగి కనెక్షన్‌ని పూల్‌లో (మళ్ళీ వాడుకోవడానికి దాచే కనెక్షన్ల గుంపులో) పెట్టేది. ఆ అయిదు బైట్లు సాకెట్‌లో కాచుకుని ఉండేవి. తర్వాత ఎవరి రిక్వెస్ట్ ఆ కనెక్షన్ మీద వెళ్ళినా, స్టేటస్ లైను ఉండాల్సిన చోట మొదట సున్నా కనపడేది. పార్స్ ఎర్రర్, 502. పగలు ట్రాఫిక్ ఎక్కువ కాబట్టి హెల్త్ చెక్ తాకిన కనెక్షన్ అందులో కలిసిపోయేది. రాత్రి ఉన్నవే నాలుగు కనెక్షన్లు, దెబ్బ తగలక ఏమవుతుంది?

మా అదృష్టం ఏమిటంటే మా పార్సర్ మొండిది. సున్నా చూసి ఏడ్చి గోల చేసింది. ఉదారంగా "ఏదో చెత్త, హెచ్‌టీటీపీ అన్న అక్షరాలు కనపడేదాకా దాటేద్దాం" అనే పార్సర్ అయ్యుంటే మేం 502లు చూసేవాళ్ళం కాదు. కానీ సర్వర్ హెడ్‌కి పూర్తి రెస్పాన్స్ బాడీ పంపినప్పుడు, ఆ బాడీలో స్టేటస్ లైను లాంటిది ఉంటే, ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్ళేది. 502 వల్ల కస్టమర్ తిట్టుకుంటాడు. పక్కవాడి పేజీ కనపడితే వ్యవహారం ఎంత దూరం వెళ్తుందో చెప్పక్కర్లేదు.

అందుకని నియమం ఒకటి పెట్టుకోండి: మెసేజ్ పూర్తయ్యాక, ఎదురు చూస్తున్న రిక్వెస్ట్ ఏదీ లేనప్పుడు ఒక్క బైటు ఎక్కువ వచ్చినా ఆ కనెక్షన్‌ని మూసేయాలి. ఆ బైట్లని ఇంకో రెస్పాన్స్‌గా చదవడం, దాచుకోవడం, ముందుకి పంపడం మూడూ ఆర్‌ఎఫ్‌సీ నిషేధించింది. గో వాడేవాళ్ళు లాగ్‌లో "అన్‌సొలిసిటెడ్ రెస్పాన్స్ రిసీవ్డ్ ఆన్ ఐడిల్ హెచ్‌టీటీపీ చానెల్" అన్న లైను చూసి ఉంటారు. సరిగ్గా ఈ పనే అది. మీ ప్రాక్సీలో పూల్‌లోకి పెట్టే ముందు బఫర్ ఖాళీగా ఉందా చూడండి, పూల్‌లోంచి తీసేటప్పుడు సాకెట్‌లో చదవడానికి ఏమైనా ఉందా అని బ్లాక్ కాకుండా ఒకసారి తొంగి చూడండి. ఇదీ పూర్తి రక్షణ కాదు. ఆ అయిదు బైట్లు వేరే ప్యాకెట్‌లో ఆలస్యంగా వచ్చి, ఈలోగా మీరు కొత్త రిక్వెస్ట్ పంపేసి ఉంటే తెలియదు. అందుకే హెల్త్ చెక్‌ల కనెక్షన్లని మేం ఆ తర్వాత అసలు పూల్‌తో కలపలేదు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి, కానీ మీ కోడ్ వర్ణన చదివితే అది కూడా ఉందని నా అనుమానం. మీ పార్సర్ బైటు బైటుగా నడిచే స్టేట్ మెషీన్. హెడర్ల చివరి లైన్‌ఫీడ్ (లైను ముగించే బైటు) రాగానే బాడీ స్టేట్‌కి వెళ్తుంది, అక్కడ "మిగిలింది సున్నా అయితే పూర్తి" అని చూస్తుంది. ఆ చూడటం ఎప్పుడు జరుగుతుంది? తర్వాతి బైటు వచ్చినప్పుడు. బాడీ లేని మెసేజ్‌లో ఆ తర్వాతి బైటు ఎప్పటికీ రాదు. తిరుపతి క్షవరంలాగా సగం గీసి కూర్చోబెట్టినట్టే. మెథడ్ సరిగ్గా చెప్పినా, ఎనమ్ సరిగ్గా తేల్చినా మీ హెడ్ ఇంకా బిగుసుకుపోతుంటే కారణం ఇదే అయ్యుంటుంది. చివరి లైన్‌ఫీడ్ తిన్న ఆ అడుగులోనే, ఇంకో బైటు కోసం చూడకుండా, పూర్తయిందన్న కాల్‌బ్యాక్ పిలవాలి. కంటెంట్-లెంగ్త్ 0కి కూడా అంతే. చంక్డ్‌లో చివరి ఖాళీ లైనుకీ అంతే.

దీనికి జంట సమస్య కనెక్షన్ మూసుకున్నప్పుడు వస్తుంది. మూసేదాకా చదవాల్సిన మెసేజ్‌కి మూసుకోవడమే ముగింపు, కాబట్టి సాకెట్ నుంచి సున్నా బైట్లు రాగానే పార్సర్‌కి ఆ కబురు చెప్పే ఫంక్షన్ ఒకటి ఉండాలి. అది ఎనమ్ చూసి మూసేదాకా అయితే పూర్తి అని, పొడవు ఇంకా మిగిలి ఉంటే అసంపూర్ణం అని, మెసేజ్ మొదలే కాకపోతే మామూలే అని చెప్పాలి. బాడీ లేని మెసేజ్‌ని పొరపాటున మూసేదాకా జాబితాలో వేస్తే ఇంకో నిశ్శబ్ద నష్టం ఉంది. సర్వర్ కనెక్షన్ మూసే రకమైతే ప్రతి 304 తర్వాతా కొత్త కనెక్షన్, కొత్త టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ (గుప్త కనెక్షన్ కుదుర్చుకునే తంతు). ఏదీ విరగదు, టెస్టులన్నీ పాస్ అవుతాయి, సైట్ మాత్రం నెమ్మదిస్తుంది. ఎవరూ బగ్ రిపోర్ట్ రాయరు.

రిక్వెస్ట్ వైపు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. గెట్‌కి బాడీ ఉండదని పార్సర్‌లో రాయకండి. గెట్ బాడీకి అర్థం నిర్వచించలేదు గానీ, కంటెంట్-లెంగ్త్ 20 ఉంటే ఆ 20 బైట్లు వస్తాయి, వాటిని చదివి పారేయాలి. చదవకపోతే అవే తర్వాతి రిక్వెస్ట్ లైనవుతాయి. అర్థం వేరు, హద్దు వేరు, పార్సర్ పని హద్దు గీయడం వరకే. అలాగే పోస్ట్‌కి పొడవు లేకపోతే బాడీ లేదనే అర్థం. ఇష్టం లేకపోతే మీ అప్లికేషన్ 411 (పొడవు చెప్పమనే ఎర్రర్) ఇచ్చుకోవచ్చు, పార్సర్ మాత్రం ఆగి కూర్చోకూడదు. పాత క్లయింట్లు కొన్ని పోస్ట్ బాడీ వెనక లెక్కలో లేని ఖాళీ లైను ఒకటి పంపేవి. అందుకే రిక్వెస్ట్ లైనుకి ముందు కనీసం ఒక ఖాళీ లైనుని దాటేయమని ఆర్‌ఎఫ్‌సీ సలహా ఇస్తుంది. ఒకటి దాటండి, వంద దాటకండి. ఇక ఎక్స్‌పెక్ట్ 100-కంటిన్యూతో (బాడీ పంపనా అని ముందే అడిగే హెడర్‌తో) వచ్చిన రిక్వెస్ట్‌కి మీరు 100 ఇవ్వకుండా నేరుగా 401 (లాగిన్ కావాలి) ఇచ్చేస్తే, క్లయింట్ బాడీ పంపుతుందో లేదో మీకు తెలియదు. అలాంటప్పుడు తలబద్దలు కొట్టుకోకుండా జవాబిచ్చి కనెక్షన్ మూసేయడమే మేలు.

మీరు ఎలాగూ రేపు హెచ్‌టీటీపీ/2 కలుపుతానంటారు. అక్కడ ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. హెడర్లు మోసే ఫ్రేమ్ (మెసేజ్‌లో ఒక ముక్క) మీదే ఎండ్ స్ట్రీమ్ అనే ఫ్లాగ్ ఉంటే బాడీ లేదు. అయినా హెడ్‌కీ 304కీ అక్కడా ఒక మినహాయింపు రాయాల్సి వచ్చింది. కంటెంట్-లెంగ్త్‌కీ వచ్చిన డేటాకీ పొంతన లేకపోతే మెసేజ్ చెల్లదు, కానీ ఈ రెండింటికీ అంకె ఉండి డేటా లేకపోయినా చెల్లుతుంది. ముందు 2, వెనక 1.1 మాట్లాడే ప్రాక్సీలో ఇంకో మెలిక. ఎండ్ స్ట్రీమ్ లేకుండా, పొడవు చెప్పకుండా వచ్చిన రిక్వెస్ట్‌ని వెనక్కి పంపేటప్పుడు చంక్డ్ పెట్టాలి. పెట్టడం మర్చిపోతే వెనక సర్వర్ బాడీ లేదనుకుంటుంది, మీరు పంపే డేటా దానికి కొత్త రిక్వెస్ట్‌లా కనపడుతుంది.

టెస్టులకి నేను చేసే పని చెబుతాను. ఒకే బఫర్‌లో మూడు రెస్పాన్స్‌లు వరసగా పెట్టండి: కంటెంట్-లెంగ్త్ 4821 ఉన్న హెడ్ జవాబు, కంటెంట్-లెంగ్త్ 100 ఉన్న 304, చివర 5 బైట్ల బాడీతో మామూలు 200. మొదట మొత్తం ఒకేసారి పార్సర్‌కి ఇవ్వండి. తర్వాత ఒక్కో బైటుగా ఇవ్వండి. తర్వాత ప్రతి సాధ్యమైన చోటా రెండు ముక్కలుగా విరిచి ఇవ్వండి. మూడు పద్ధతుల్లోనూ పూర్తయిందన్న కాల్‌బ్యాక్ మూడేసి సార్లు రావాలి, మొదటి రెండూ వాటి ఖాళీ లైను చివరి లైన్‌ఫీడ్ దగ్గరే రావాలి, ఒక్క బైటు కూడా ఆలస్యం కాకుండా. అది పాసయ్యాక మొదటి రెస్పాన్స్ వెనక ఆ 48, 13, 10, 13, 10 ఇరికించి మళ్ళీ నడపండి. ఈసారి పార్సర్ ఎర్రర్ ఇవ్వాలి. ఇవ్వకపోతే కోడ్‌తో పాటు మళ్ళీ రాయండి, చూద్దాం.